కుదువబెట్టిన బహుమతి కప్పు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఈ సభలో నేను భారత భాగవతములను గూర్చి మాటాడుదునని మీరు తలచియుందురు. కాని నేడు ఫుట్‌బాల్ ఆటను గూర్చి చెప్పబోవుచున్నాను. లెక్కలు వ్రాయువానికి ఆటతో పనియేమని నవ్వకుడు. ఇది ఆట కథయే కాదు, అప్పు కథ కూడ.

ఇంగ్లండు దేశమున ఉత్తరముగా, డర్హాం జిల్లాలో, వెస్ట్ ఆక్లండ్ అను గ్రామము కలదు. అది బొగ్గుగనుల సీమ. గనిలో చెమటోడ్చు కూలీలు తీరిక వేళ ఆడుకొనిన క్లబ్బు అచ్చట ఉండెను. ఆటకు జీతము లేదు. 1909లో తేయాకు వర్తకుడగు సర్ థామస్ లిప్టన్ పేర ఇటలీలోని ట్యూరిన్ నగరమున వివిధ దేశముల జట్లకు పోటీ జరిగెను. ఇంగ్లండు తరఫున వెళ్లినది ఈ పల్లెటూరి జట్టే. వారు తుదిపోటీలో స్విట్జర్లండుకు చెందిన వింటర్తూర్ జట్టును 2-0 గోలులతో ఓడించిరి. 1911లో మరల వెళ్లి, ప్రసిద్ధికెక్కిన జువెంటస్ జట్టును 6-1 గోలులతో గెలిచిరి. రెండుమార్లు గెలిచినందున కప్పు వారికే శాశ్వతముగా దక్కెను. ప్రపంచ కప్పు పోటీలు పుట్టినది 1930లో గదా!

అయితే క్లబ్బు అప్పులలో మునిగెను. జమ పుటలో కీర్తిని వ్రాయుటకు వీలులేదు. చివరకు ఆ కప్పును 40 పౌన్లకు ఊరిలోని హోటలు యజమానురాలివద్ద కుదువబెట్టిరి. ఏండ్లు గడచెను. 1960లో గ్రామస్థులు చందాలు పోగుచేసి, 100 పౌన్లు చెల్లించి, దానిని విడిపించుకొనిరి. మరుసటి యేడే ఆ జట్టు అమెచ్యూరు కప్పు తుదిపోటీకి వెంబ్లీ మైదానము వరకు చేరెను. ఓడినను తలవంపులు కాలేదు. 1994లో దొంగలు ఆ కప్పును ఎత్తుకొనిపోయిరి. నేడు అచ్చటనున్నది నకలు మాత్రమే.

ఈ కథ చదివినపుడు నాకు సిగ్గు కలిగెను. కారణము చెప్పెదను. ఒక కరవు యేట మన గ్రంథాలయమునకు అద్దె బాకీపడగా, మహాభారత సంపుటములను అమ్మి తీర్చుదమని సలహా యిచ్చినది నేనే. అంకెలు సరిగా కుదిరినవి. కాని పెద్ద చదువులు లేని నాకు ఆ సంపుటములే గురువులు. గురువును అమ్మి అద్దె కట్టుదమంటిని! కార్యవర్గమువారు నా మాట త్రోసిపుచ్చి, ఇంటింటికి తిరిగి వడ్లు పోగుచేసి బాకీ తీర్చిరి. ఆ సంపుటములు నేటికిని బీరువాలోనున్నవి.

కాని బీరువాలో నుండుట చాలునా? అద్దముల వెనుకనున్న వస్తువును దొంగ తీసికొనిపోగలడు. చదివి మనస్సున నిలుపుకొన్నదానిని ఎవ్వడు తీసికొనిపోగలడు? కావున పుస్తకములను చదువుడు. చదివి తిరిగి తెచ్చి యిండు. చందా బాకీదారుల పట్టిక నా సంచిలోనున్నది. శుభదినమున పేర్లు చదువను. ఎవరి సంగతి వారికి తెలియును.

సెలవు.