బల్క్ కూలరు తెర – తడి చేయి
(పద్మనాభం పాల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగం)



బల్క్ కూలరుకు బిగించే టచ్ స్క్రీన్ సెల్‌ఫోను తెర వంటిదేనని కొందరి అభిప్రాయం. కాదండీ. ఫోను తెర వేలి విద్యుత్ గుణాన్ని పసిగడుతుంది. నీటి బొట్టు పడితే తికమకపడుతుంది. పాల కేంద్రంలో చేయి పొడిగా ఉండేదెప్పుడు? నొక్కుడుతో పనిచేసే రెసిస్టివ్ తెర తడి వేలికీ, తొడుగు వేసిన చేతికీ పలుకుతుంది. ఐపీ 65 గుర్తు కూడా చూడండి. 6 అంటే దుమ్ము చొరదు, 5 అంటే గొట్టంతో చిమ్మిన నీటికి తట్టుకుంటుంది. వేడి నీటిని అధిక పీడనంతో కొట్టి కడిగేచోట అదీ చాలదు, ఐపీ 69 కావాలి. పాలు 4 డిగ్రీలకు దిగాయో లేదో తెర చూపకపోతే, పాలు విరిగిన పూట నష్టం సభ్యులందరిదీ. కార్యదర్శి గారు ఆర్డరుపై సంతకం చేసేముందు తడి వేలితో నొక్కి చూడాలి. ట్యాంకుకు విడిగా థర్మామీటరు ఉందా అని మీరూ అడగండి.