మీట నొక్కడమే అక్షరాస్యతా?

(మహిళా ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధ్యాయులకు డిజిటల్ అక్షరాస్యత ఎందుకు అవసరమో మాట్లాడమని నన్ను పిలిచారు. డిజిటల్ అన్న మాట కన్నా అక్షరాస్యత అన్న మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ఆ మాటకు మన దగ్గర ఒక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం నడిచింది. కూలికెళ్లి, వంట చేసి, రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు సంతకం నేర్చుకుని ఊరుకోలేదు. వాచకంలో సారా గురించి ఉన్న పాఠాన్ని తమ ఇంటి జమాఖర్చుతో కలిపి చదువుకున్నారు. దూబగుంట వంటి ఊళ్ల నుంచి లేచిన ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరం చేతికొచ్చిన మనిషి ప్రశ్న అడుగుతుంది. అక్షరాస్యత అంటే నా దృష్టిలో ఇదే.

ఈ కొలబద్దతో చూస్తే, ఇప్పుడు మన టీచర్లకు డిజిటల్ పేరుతో అందుతున్నది ఏమిటి? హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్, పుస్తకాల లెక్క, శిక్షణ లింకు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ముఖం ఫొటోతో హాజరు వేయమన్నారు, అదీ సొంత ఫోన్లలో. తెలంగాణలో 2025లో ఇలాంటి పద్ధతే వచ్చింది. మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని కూడా ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల నెత్తినే ఉండేది. 2024లో గానీ ఆ బరువు దిగలేదు. ఇవన్నీ చేయగలిగిన టీచరుకు డిజిటల్ పరిజ్ఞానం ఉందని అధికారులు రాసుకుంటారు. ఎక్కడ నొక్కాలో ఆమెకు నేర్పారు. ఎందుకు నొక్కాలో, ఆ సమాచారం ఎవరి దగ్గరికి పోతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇందులో స్త్రీల సమస్య ప్రత్యేకంగా ఉంది. సిగ్నల్ అందక బడిలో మిగిలిపోయిన ఎంట్రీలు సాయంత్రం ఇంటికి వస్తాయి. పొయ్యి మీద కూర, పక్కన హోంవర్కు చేసుకునే పిల్లలు, చేతిలో ఫోను. ఈ శ్రమ ఏ పనిగంటల లెక్కలోనూ కనబడదు. ఇంకో సంగతి. నేను మాట్లాడిన టీచర్లలో కొందరు తమ యాప్‌ల పాస్‌వర్డ్ భర్త దగ్గరో, కొడుకు దగ్గరో ఉంటుందని చెప్పారు. "అవన్నీ మా ఆయనే చూసుకుంటారండీ" అని నవ్వుతూ అన్నారు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి మాట అది. తన జీతం బ్యాంకు కార్డు భర్త జేబులో ఉండటాన్ని మనం ఒకప్పుడు ప్రశ్నించాం. పాస్‌వర్డ్ కూడా అలాంటిదేనని మనకింకా తట్టలేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. ఆ తర్వాత ఫోన్లు చాలా ఇళ్లకు వచ్చాయి. కానీ ఇంట్లో ఫోను ఉండటం, అది అమ్మాయి చేతిలో ఉండటం ఒకటి కాదు. పేద ఇంటి అమ్మాయికి ఈ విషయాల్లో నమ్మకంగా అడగదగిన మనిషి చాలాసార్లు టీచరమ్మ ఒక్కతే. అందుకే ఈ చర్చ టీచరు దగ్గర మొదలు కావాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2021లో, బడులు మూతపడి పాఠాలు ఫోన్లలో నడుస్తున్న రోజుల్లో, ఆడపిల్లల చదువు మీద నేనొక పరిశోధన చేస్తున్నాను. ఒక హైస్కూలులో పదో తరగతి టీచరును అమ్మాయిల ఫోను నంబర్లు అడిగాను. "విడిగా పంపాలా మేడమ్?" అని అడిగిందామె. "తరగతి గ్రూపులో నేనూ ఉన్నాను కదా, అందులోనే పెట్టేయండి" అన్నాను. పేరు, నంబరు ఎదురెదురుగా రాసిన జాబితా గ్రూపులో పడింది. పిల్లలు, తండ్రులు, అన్నలు, ఇంట్లో ఆ ఫోను ఎవరు పట్టుకుంటే వాళ్లు, అందరూ చూశారు.

వారం తిరగకుండానే ఒక అమ్మాయికి రాత్రిపూట ఫోన్లు మొదలయ్యాయి. తర్వాత ఆమె ప్రొఫైల్ ఫొటోను వేరే బొమ్మకు అతికించి ఆమెకే పంపారు. ఆ పిల్ల ధైర్యం చేసి టీచరుకు చెప్పింది. టీచరు చెడ్డ మనిషి కాదు, భయపడింది. "ముందు ఆ ఫోను మీ నాన్నకిచ్చెయ్యమ్మా, గొడవ వదులుతుంది" అంది. తండ్రి ఫోను తీసుకున్నాడు. ఫోనుతో పాటు పాఠాలూ పోయాయి. ఇంటర్‌లో చేర్చలేదు. నేను మళ్లీ ఆ ఊరు వెళ్లేసరికి ఆమెకు పెళ్లి కుదిరింది. వేధించిన వాడెవడో ఎవరూ వెతకలేదు. సమ్మతి పత్రాల గురించి సిద్ధాంత వ్యాసంలో పేజీలకు పేజీలు రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని నేను. ఆ జాబితా విషయంలో ఏ ఒక్క అమ్మాయినీ అడగలేదు.

ఆ రోజు మా ఇద్దరికీ తెలిసి ఉండాల్సినవి పెద్ద సాంకేతిక విషయాలేమీ కావు. వాట్సాప్ గ్రూపులో ప్రతి సభ్యురాలి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపితే ఒకరి నంబరు మరొకరికి తెలియదు. వచ్చిన మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, తేదీతో దాచుకోవాలి. పిల్లలను ఫోన్ల ద్వారా లైంగికంగా వేధించడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. తెలిసిన వాళ్లు పోలీసులకు చెప్పకపోవడం కూడా తప్పే. పిల్లల కోసం 1098 ఉంది. స్త్రీల, పిల్లల అసభ్య చిత్రాల మీద జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయవచ్చు. ఇంతే. ఒక పూట శిక్షణ చాలు. ఇప్పుడు కృత్రిమ మేధతో ఎవరి ముఖాన్నయినా ఎవరి శరీరానికైనా నిమిషాల్లో అతికిస్తున్నారు. ఆ పూట శిక్షణను ఇంకా వాయిదా వేయగలమా?

పొరపాటు టీచర్లు మాత్రమే చేస్తారని నా మాటల్ని అర్థం చేసుకోవద్దు. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో 160కి పైగా చదువుల యాప్‌లను, వెబ్‌సైట్లను పరిశీలించింది. వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు భంగమో, ప్రమాదమో కలిగించే పద్ధతుల్లో వాళ్ల సమాచారాన్ని వాడుతున్నాయని తేల్చింది. మన టీచర్లు శిక్షణ కోసం వాడే దీక్ష కూడా ఆ జాబితాలో ఉంది. అదే దీక్షకు సంబంధించి రక్షణ లేని సర్వర్‌లో పది లక్షలకు పైగా టీచర్ల పేర్లు, ఫోను నంబర్లు బయటపడి ఉన్నాయని 2023 జనవరిలో వార్త వచ్చింది. ఆ పది లక్షల్లో మీరెవరైనా ఉన్నారేమో మీకెవరైనా చెప్పారా? 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చదువు, భద్రత పేరుతో ఆ చట్టం నియమాలు బడులకు కొన్ని మినహాయింపులూ ఇచ్చాయి. మినహాయింపు ఉన్నచోట పిల్లల తరఫున ప్రశ్న అడగాల్సింది టీచరే.

ఇంకో రకంగా చేయవచ్చని కేరళ చూపించింది. 2001లో అక్కడ మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమంలో బడి టీచర్లే తోటి టీచర్లకు శిక్షకులయ్యారు. కంపెనీల మీద ఆధారపడకుండా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడారు. టీచరును ఎంట్రీలు చేసే గుమాస్తాగా కాక ఆలోచించే మనిషిగా చూసినప్పుడే అది సాధ్యం.

అందుకని ఉపాధ్యాయ సంఘాల్లోనూ మహిళా సంఘాల్లోనూ ఉన్న మనం కొన్ని డిమాండ్లు పెట్టాలి. ప్రభుత్వ పనికి ప్రభుత్వమే ఫోను ఇవ్వాలి. శిక్షణ పనివేళల్లో, తెలుగులో, ముఖాముఖిగా జరగాలి. ఏ కొత్త యాప్ వచ్చినా అది ఏ సమాచారం తీసుకుంటుందో, ఎక్కడ దాస్తుందో ఒక కాగితం మీద రాసి టీచర్లకూ తల్లిదండ్రులకూ ఇవ్వాలి. వేధింపు గురించి చెప్పిన అమ్మాయి ఫోనునూ చదువునూ లాక్కోకుండా ఏం చేయాలో ప్రతి బడిలో ముందే నిర్ణయించి ఉండాలి. వీటికి ప్రభుత్వం కదిలేవరకూ ఆగనక్కరలేని పని ఒకటుంది. ఈ రాత్రి ఇంటికెళ్లి మీ పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి. రేపు బడిలో మీ తరగతి గ్రూపు తెరిచి, అందులో ఎవరెవరున్నారో ఒకసారి చూడండి.

ఆ అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. ఒక పాప కూడా ఉందని విన్నాను. ఇంకో మూడేళ్లకో నాలుగేళ్లకో ఆ పాప మనలో ఎవరో ఒకరి తరగతిలో కూర్చుంటుంది. అప్పటికైనా మనం సిద్ధంగా ఉండాలి.