బాలుని నోటి యలంకారము
(ఒక పఠనమందిరమున జేసిన యుపన్యాసము)



కథలో నలంకారమునకు బనియేమి యని గతవారము మీలో నొకరు ప్రశ్నించిరి. ప్రబంధమునకు దగిన సొమ్ములు పసివాని కథకు బరువగునని వారి తలంపు. సిద్ధాంతముతో గాక యొక కథతోనే బదులు చెప్పెదను. ప్రేమ్‌చందు 1933లో వెలువరించిన 'ఈద్గా' యను హిందీ కథను మీలో బలువురు చదివియే యుందురు.

హమీదు నాలుగైదేండ్ల బాలుడు. తండ్రి కలరాకు బలియయ్యెను. తల్లి నానాటికి బాలిపోయి కన్ను మూసెను. అవ్వ అమీనా తప్ప వేఱు దిక్కు లేదు. తండ్రి ధనార్జనకు బోయెననియు, తల్లి అల్లా యింటినుండి మంచి వస్తువులు తెచ్చుటకు బోయెననియు వానితో జెప్పిరి. ఇచ్చట నొకింత యాగుదము. మరణమును బ్రయాణమనుట పెద్దలకు రూపకము, పసివానికి వార్త. వాడు నమ్మినాడు, ఎదురు చూచుచున్నాడు. కాళ్లకు జెప్పులు లేకున్నను సంతోషముగనే యున్నాడు. మన కంట నీరు దెచ్చునది శోకవర్ణనము గాదు. ఒకే మాట యవ్వకొక విధముగను మనుమనికొక విధముగను వినబడుటయే.

పండుగనాడు మూడు పైసలతో నాతడు సంతకు బోయెను. తోడివారు మట్టిబొమ్మలు కొనిరి. ఒకనికి సిపాయి, ఒకనికి భిస్తీ, నూరే యను బాలునకు వకీలు. నల్లని యంగీ, జేబున బంగరు గొలుసు, చేత చట్టపు పుస్తకము. వెల రెండు పైసలు! అది యధికమో తక్కువో మా కక్షిదారులే చెప్పవలెను.

రొట్టెలు కాల్చునప్పు డవ్వ వ్రేళ్లు కాలుచున్నవని తలంచి హమీదు ఇనుప పట్టకారు కొనెను. భుజమున నిడినంతనే యది తుపాకి, చేత బట్టినచో ఫకీరు పట్టకారు, వాయించినచో తాళములు. గమనింపుడు: సిపాయిబొమ్మ సిపాయియే కాగలదు, మఱియొకటి కాజాలదు. పట్టకారునకు వేషము లేదు గనుకనే యది యేదైన గాగలదు. ధనము లేని పిల్లవాని కీ యూహయే ధనము. ఇది కథకుడు పైనుండి తొడిగిన సొమ్ము గాదు. అలంకారము వేఱుగ బ్రయత్నింపకయే రసముతోగూడ బుట్టవలెనని తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు చెప్పినది యిదియే. మేము చదువుకొన్ననాడు ఉపమయా, రూపకమా యని పేరు మాత్రమే యడిగిరి. పేరు చెప్పి మార్కులు తెచ్చుకొంటిమి.

ఇక వాదము. వకీలు కుర్చీమీద గూర్చుండునని యొకడనగా, నా పట్టకారు వానిని బడద్రోసి చట్టమును వాని పొట్టలో దూర్చునని హమీదు బదులిచ్చెను. ఇందు తర్కమెక్కడ? చట్టము నోటినుండి వెలువడునది. పొట్టలో దూరునది గాదు. ప్రేమ్‌చందే యీ యసంబద్ధత నొప్పుకొని, అందలి క్రొత్తదనమే గెలిచినదనును. ఇరువది వర్షములు న్యాయస్థానమున వాదించినవాడను. ప్రత్యర్థి నోరు మూయించు మాట యెల్లప్పుడు తర్కమునుండి పుట్టదని నే నెఱుగుదును. పిదప వకీలును పీఠమెక్కించి విసనకఱ్ఱతో వీచుచుండగనే క్రిందబడి మట్టిలో మట్టియయ్యెను. అతిశయోక్తి యనుకొన్నది సాక్ష్యముతో రుజువైనది!

ఇల్లు చేరగనే యవ్వ కోపించెను: మధ్యాహ్నము వఱకు దినక త్రాగక యీ యినుపముక్కయా తెచ్చితివని. నీ వ్రేళ్లు పెనముపై గాలుచుండెనుగదా యని వాడు తప్పుచేసినవానివలె జెప్పెను. అంతట కథకుడు వయస్సులను దారుమారు చేయును. ఓదార్చు పెద్ద హమీదు. వెక్కివెక్కి యేడ్చు చిన్నపిల్ల అమీనా. 'వలె' యను మాట యిచ్చట లేదు, గమనించితిరా? పోలికకు దావు లేదు. ఆ క్షణమున నది యట్లే యున్నది. దాని మర్మము హమీదునకు దెలియలేదు. కథాదియందు మరణమును బ్రయాణమనుకొన్న బాలు డీ రూపకమును గూడ నెఱుగక దానిలోనే నిలిచియున్నాడు.

ప్రశ్నించిన మిత్రులు బదులు చెప్పవలసిన వంతు వచ్చినది. పుస్తకము మన బీరువాలోనే యున్నది.