ఖాళీ ఉండీ దొరకని సీటు

మా మాస్టారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు విషయం కోసం ఎక్కువ వెతుక్కోలేదు. ఏ సిద్ధాంతం చెప్పినా చివర ఆయన ఒకటే అడిగేవారు: "బాగానే ఉందిరా, రేషన్ షాపు క్యూలో నిలబడ్డవాడికి ఇది ఏం చేస్తుంది?" గేమ్ థియరీ చదువుతానని నేను వెళ్ళిన రోజు బోర్డు మీద పట్టికను అరచేత్తోనే తుడిచేసి, సుద్దపొడి పంచెకు రాసుకుంటూ మళ్ళీ అదే అడిగారు. ఆ రోజు నోరు పెగల్లేదు. జవాబు చాలా ఏళ్ళకు ఆర్థికవేత్త ఫుహితో కొజిమా వ్యాసాల్లో కనిపించింది.

కొజిమా 1979లో పుట్టారు. 2003లో టోక్యో విశ్వవిద్యాలయం నుంచి పట్టా, 2008లో హార్వర్డ్ నుంచి పీహెచ్‌డీ. అక్కడ గురువు ఆల్విన్ రాత్. ఏడాది యేల్‌లో ఉండి, 2009 నుంచి స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసి, 2020లో తాను చదువుకున్న విశ్వవిద్యాలయానికే తిరిగొచ్చి మార్కెట్ డిజైన్ కేంద్రానికి డైరెక్టరయ్యారు. బయోడేటా ఇంతటితో చాలు.

ఎవరికి ఏ సీటు దక్కాలో తేల్చే పద్ధతులు కట్టడం ఆయన పని. దానికి పునాది 1962లో గేల్, షాప్లీ రాసిన చిన్న వ్యాసం. కొత్త డాక్టరు తనకు అన్నిటికన్నా నచ్చిన ఆసుపత్రిని అడుగుతాడు. ఆసుపత్రి వచ్చినవాళ్ళలో మెరుగైనవాళ్ళను అప్పటికి అట్టేపెట్టుకుని మిగతావాళ్ళను కాదంటుంది. వాళ్ళు తమ రెండో ఇష్టానికి వెళ్తారు. అక్కడ ఇంకా మంచివాడు వస్తే పాతవాడు లేవాలి. ఇక అడిగేవాళ్ళు లేరన్నప్పుడే సీట్లు ఖాయం. రాత్, షాప్లీలకు 2012 నోబెల్ వచ్చింది ఈ దారి పనికే.

భార్యాభర్తలిద్దరూ డాక్టర్లై ఒకే ఊళ్ళో కావాలంటే లెక్క చెడుతుంది. నిలకడైన పంపకం, అంటే తమకు దక్కినదాన్ని వదిలి ఒకరినొకరు కోరుకునే డాక్టరు, ఆసుపత్రి మిగలని పంపకం, అసలు లేకపోవచ్చు. దరఖాస్తులు వేలల్లో ఉండి జంటలు కొద్దిగానే ఉంటే అది దాదాపు ఖాయంగా దొరుకుతుందని పరాగ్ పాఠక్, రాత్‌లతో కలిసి 2013లో కొజిమా నిరూపించారు. అందమైన ఫలితమే. కానీ నా ఓటు 2015 నాటి వ్యాసానికి.

జపాన్‌లో కొత్త డాక్టర్ల నియామకం 2003లో గేల్, షాప్లీల పద్ధతికి మారింది. పల్లె ఆసుపత్రులకు డాక్టర్లు రావడం లేదన్న గోల మొదలైంది. పద్ధతిని అటూ ఇటూ మార్చి లాభం లేదు. నిలకడైన ఒక పంపకంలో ఖాళీ మిగిలిన ఆసుపత్రికి మరే నిలకడైన పంపకంలోనూ అదే డాక్టర్లు వస్తారని రాత్ 1986లోనే తేల్చారు. దాంతో ప్రభుత్వం, డాక్టర్లంతా నగరాలకే చేరకుండా, ఒక్కో ప్రాంతానికి పరిమితి పెట్టి, అక్కడి ఆసుపత్రుల సీట్లను ముందే కోసేసింది.

ఆ కోతలోనే పొరపాటుందని ఆ 2015 వ్యాసంలో కొజిమా, యుయిచిరో కమాడా చూపించారు. ప్రాంతం పరిమితి 12 అనుకోండి. రెండు ఆసుపత్రులున్నాయి, కోత తర్వాత చెరొక 6. మొదటిదాన్ని నలుగురే కోరారు, రెండోదాన్ని ఎనిమిది మంది. చేరేది పదిమంది. పరిమితిలో రెండు సీట్లు మిగిలే ఉన్నాయి, ఇద్దరు డాక్టర్లు గుమ్మం బయటే ఉన్నారు! ముందే కోయకుండా, దరఖాస్తులు వస్తున్నకొద్దీ ప్రాంతం మొత్తాన్ని లెక్కచూస్తే 12 మందీ లోపలికొస్తారు, పరిమితీ దాటదు.

ఇదే ఆలోచనను వాళ్ళు డే కేర్‌లకూ తెచ్చారు. జపాన్ నిబంధన ప్రకారం ఏడాది నిండని పిల్లలు ముగ్గురికి ఒక టీచరు. ఒకటి, రెండేళ్ళవాళ్ళయితే ఆరుగురికి ఒకరు. పసివాళ్ళ గదిలో మూడు చోట్లు ఖాళీగా ఉంటే ఆ టీచరు పక్క గదిలో ఆరుగురిని చూడగలదు, గది సరిపోతే. వయసువారీగా సీట్లు ముందే బిగించేస్తే ఆ ఆరుగురు తల్లులు ఉద్యోగానికి సెలవు పొడిగించుకోవాల్సిందే. క్యూలో నిలబడ్డవాళ్ళంటే వీళ్ళే, మాస్టారూ.

ఏ పద్ధతీ లేని సీటును పుట్టించదు. ఉన్నదాన్ని వృథా పోనివ్వకపోవడమే దాని పని. అంతకు మించి ఆశించేవాళ్ళతో నాకు పేచీ.

మన ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు 2015 నుంచి జోసా అనే ఉమ్మడి కేటాయింపు సంస్థ పంచుతున్నది గేల్, షాప్లీల దారిలోనే. ఇందులో విద్యార్థి అబద్ధం చెప్పి బాగుపడేది లేదు. కాబట్టి వచ్చే వేసవిలో ఆప్షన్లు పెట్టేటప్పుడు, "మన ర్యాంకుకు ఇది రాదులే" అని ఇష్టమైన కోర్సును కిందికి నెట్టకండి. పిల్లల చేత కావలసిందే మొదట రాయించండి.