బోర్డు గొయ్యి దగ్గర కాదు, గొయ్యికి ముందు ఉండాలి!

రోజూ చూస్తూ కూడా మనం పట్టించుకోని ఒక వస్తువు గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఎర్ర అంచు ఉన్న త్రికోణం, లోపల పార పట్టుకుని మట్టి తీస్తున్న నల్ల బొమ్మ. గుర్తొచ్చిందా? ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో 'ముందు పని జరుగుతోంది' అని టిక్ పెట్టి పాసైపోయాం. మరి లైసెన్సు వచ్చాక ఆ బోర్డు నిజంగా ఉండాల్సిన చోట ఎన్నిసార్లు కనిపించింది?

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు వైపు బండి మీద తిరిగేవాళ్ళకి ఈ సీన్ కొత్త కాదు. మంచినీళ్ళ పైపు కోసం ఒకరు తవ్వుతారు. ఫైబర్ కేబుల్ కోసం ఇంకొకరు. కరెంటు స్తంభం మార్చడానికి మరొకరు. సాయంత్రానికి మనుషులు వెళ్ళిపోతారు, గొయ్యి మాత్రం అక్కడే ఉంటుంది. ఎవరో పుణ్యాత్ముడు ఒక చెట్టు కొమ్మ విరిచి అందులో గుచ్చుతాడు. మన దగ్గర హెచ్చరిక బోర్డు అంటే చాలాసార్లు అదే!

ఆ కొమ్మ పెట్టిన మనిషికి దండం పెట్టాలి, తప్పులేదు. కానీ ఆ కొమ్మకి రెండు లోపాలున్నాయి. ఒకటి, చీకట్లో మెరవదు. రెండు, గొయ్యి దగ్గరే ఉంటుంది. ఈ రెండోదే అసలు ప్రమాదం. ఎందుకో చిన్న లెక్క చూద్దాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి, అదేంటో అర్థం చేసుకుని, బ్రేకు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని మన దేశంలో రోడ్డు ఇంజినీర్లు లెక్కగడతారు. అంటే బ్రేకు పడేలోపే 42 మీటర్లు అయిపోయాయి! ఆ తర్వాత బండి ఆగే దూరం కూడా కలిపితే మొత్తం 80 మీటర్లు కావాలి. 80 స్పీడులో 120 మీటర్లు. 100 స్పీడులో 180 మీటర్లు. రాత్రిపూట డిప్పర్‌లో బైకు లైటు అంత దూరం పడుతుందా? పడదు. కాబట్టి గొయ్యి కనిపించేసరికే ఆలస్యం అయిపోయింది. గొయ్యిలో పెట్టిన కొమ్మ, గొయ్యి పక్కన పెట్టిన బోర్డు 'ఇక్కడ పడ్డావు' అని చెప్తాయి అంతే. 'ముందు గొయ్యి ఉంది' అని చెప్పవు.

అందుకే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి ఒక పుస్తకమే రాసింది. పేరు ఎస్‌పీ 55. 2014లో సవరించారు. దాని ప్రకారం పని జరిగే చోటు అంటే గొయ్యి ఒక్కటే కాదు, నాలుగు భాగాలు. మొదట దూరం నుంచే హెచ్చరించే భాగం. తర్వాత కోన్‌లు పెట్టి బండ్లని మెల్లగా పక్కకి మళ్ళించే భాగం. తర్వాత పని చోటు. చివర మళ్ళీ మామూలు దారిలోకి వచ్చే భాగం. వేగం ఎక్కువున్న రోడ్డు మీద మొదటి బోర్డు ఇంకా వెనక్కి జరగాలి. ఏలూరు పేటల్లో సందులో సరిపోయే దూరం, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏ మూలకీ సరిపోదు.

'రెండు గంటల పనే కదా, బోర్డులెందుకు' అంటారు. ఆ రెండు గంటలూ నిచ్చెన మీద ఉండేది ఒక లైన్‌మ్యాన్, గోతిలో ఉండేది ఒక కూలీ. బోర్డు మనకే కాదు, వాళ్ళకీ రక్షణ. 'కాల్ బిఫోర్ యు డిగ్' అని 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ తెచ్చింది. తవ్వే ముందు కింద ఎవరి లైన్లున్నాయో వాళ్ళకి చెప్పడానికి. మంచిదే! కానీ ఆ యాప్ కాపాడేది భూమిలో ఉన్న కేబుల్‌ని. పైన వెళ్ళే మనిషిని కాపాడేది బోర్డే.

ఇక కొల్లేరు సంగతి వేరు. అక్కడ చాలా రోడ్లు గట్ల మీదే. ఒక పక్క చేపల చెరువు, ఇంకో పక్క కాలవ. గొయ్యి తప్పించబోతే దిగడానికి మార్జిన్ ఉండదు, నీళ్ళే. శీతాకాలం తెల్లవారుజామున మంచులో పాల బండ్లు, చేపల లారీలు ఎదురొస్తుంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకి చేరినప్పుడు చూశాం కదా, రోడ్డు మీద నీళ్ళు పారితే గొయ్యీ కనిపించదు, కొమ్మా మిగలదు. ఇలాంటి ఇరుకు రోడ్డు మీద బోర్డుతో పాటు రెండు చివర్లా జెండా పట్టుకున్న మనుషులు కావాలి. ఒక వైపు ఆపి, ఇంకో వైపు వదలాలి.

ఇంకో మాట. పని అయిపోయాక బోర్డు తీసెయ్యాలి. నెల రోజులు ఊరికే అక్కడ పడున్న బోర్డు 'నాన్నా పులి' కథ లాంటిది. నిజంగా గొయ్యి ఉన్న రోజు ఎవరూ నమ్మరు.

మరి మనమేం చేయాలి? ఇక్కడ చట్టంలో ఒక ముఖ్యమైన పాయింట్ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన అధికార సంస్థకో, కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ కేసులో కోర్టు చూడాల్సిన విషయాల్లో రెండు గమనించండి. రోడ్డు ప్రమాదకరంగా ఉందని వాళ్ళకి తెలుసా? ఏ హెచ్చరిక బోర్డులు పెట్టారు?

'మాకు తెలీదు' అనే మాటకి జవాబు మీ జేబులోనే ఉంది. బండి రోడ్డు దిగి సురక్షితంగా ఆపండి. రెండు ఫొటోలు తీయండి: ఒకటి గొయ్యిది. రెండోది రోడ్డు అంచునే వంద అంగలు వెనక్కి నడిచి, అక్కడ బోర్డు లేదని కనిపించేలా. లొకేషన్, టైము ఆన్‌లో ఉంచండి. జాతీయ రహదారి అయితే 1033కి ఫోన్ చేయండి, లేదా రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో పెట్టండి. కరెంటు పని అయితే 1912. ఊళ్ళో అయితే మున్సిపాలిటీకి గానీ సచివాలయానికి గానీ ఇచ్చి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోండి. ప్రాణం మీదకొచ్చేలా ఉంటే 112. వాట్సాప్ స్టేటస్ పెడితే ఫ్రెండ్స్‌కి తెలుస్తుంది, రికార్డు మాత్రం అవ్వదు. ఫిర్యాదు నంబరుతోనే అది రికార్డు.

ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో కేబుల్ పనుల్లో, పైపులైన్ పనుల్లో ఉన్న తమ్ముళ్ళు కూడా ఉంటారు. తమ్ముడూ, పలుగు దించే ముందు వెనక్కి నడిచి బోర్డు పెట్టు. మేస్త్రి బోర్డులు ఇవ్వకపోతే అడుగు. అది నీ హక్కు.

ఇవాళ్టికి ఒక్కటి గుర్తుంచుకోండి: 60 స్పీడుకి 80 మీటర్లు. మీ ఊరి రోడ్డు మీద ఇప్పుడు ఏ గొయ్యికి బోర్డు లేదో కామెంట్‌లో చెప్పండి. ముందు ఫిర్యాదు చేసి, ఆ తర్వాత చెప్పండి! వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా వెళ్ళిరండి.