మదనపల్లె నుంచి టోక్యో దాకా

విదేశీ భాషా సంస్కృతులు తెలుసుకోవాలంటే మహానగరానికే వెళ్ళాలా? మదనపల్లె చరిత్ర అలా చెప్పదు. అనీ బిసెంట్ చొరవతో 1915లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాల మొదలైంది. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి కొన్నాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు ‘జనగణమన’ బెంగాలీలో పాడారు. తర్వాత ఆ పాటను స్వయంగా ఇంగ్లీషులో రాసిచ్చారు. సంగీతం చదువుకున్న కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాశారు. మన సీమ పిల్లలు, బెంగాలీ పాట, ఐర్లండు దంపతులు! సంస్కృతిని దగ్గరగా చదవడమంటే ఇదే. అదే ఏడాది కజిన్స్ జపాన్ వెళ్ళి, టోక్యోలోని కియో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించారు.

మన సీమలోనే, కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది. పొరుగు భాషలే దాని బలం. పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో తెలుగుతో పాటు కన్నడం, తమిళం వింటూ పెరిగిన పిల్లలకు మరో భాష బరువు కాదని నా గట్టి నమ్మకం. విదేశీ భాషలకైతే, హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్, జపనీస్, అరబిక్ నేర్పుతున్నారు. ఇంటర్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులారా, ఇంజనీరింగు దరఖాస్తుతో పాటు ఇఫ్లూ ప్రవేశ ప్రకటన కూడా ఒక్కసారి చూడండి.