మిగులు ఎవరిది?

(నెల్లూరు తీరప్రాంత ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్ర ఖజానాలో డబ్బు మిగిలితే ప్రభుత్వం ఏం చేయాలన్నది ఈనాటి విషయం. అప్పులతో నడిచే రాష్ట్రంలో మిగులు ముచ్చట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని మిగులు దగ్గర తప్పిన మాట ఒకటి తెలుగువారి చరిత్రనే మలుపు తిప్పింది. ఆ మాట కింద మన జిల్లావారి సంతకం కూడా ఉంది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర పక్షాన సంతకం చేసిన నలుగురిలో నాటి ముఖ్యమంత్రి, మన బుచ్చిరెడ్డిపాళేనికి చెందిన బెజవాడ గోపాలరెడ్డిగారు ఒకరు. అప్పట్లో తెలంగాణకు ఆబ్కారీ రాబడి అధికం. ఆంధ్రలో మద్యనిషేధం ఉన్నందున ఆ రాబడి లేదు. విలీనమైతే తమ సొమ్ము కోస్తాకు తరలిపోతుందని తెలంగాణవారు భయపడ్డారు. అందుకే, ఉమ్మడి పరిపాలన ఖర్చును రెండు ప్రాంతాలు దామాషా ప్రకారం భరించాలని, తెలంగాణ ఆదాయంలో మిగిలినది తెలంగాణ అభివృద్ధికే కేటాయించాలని రాసుకున్నారు.

మాట మంచిదే. దానికి చట్టబలం లేదు. ఎవరి మిగులు ఎంత, అందులో ఎంత ఎక్కడ ఖర్చయింది అన్న వివాదం పన్నెండేళ్లు తెగలేదు. 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చాక, తుపాకులు పేలాక, ప్రాణాలు పోయాక లెక్కలు తీశారు. కుమార్ లలిత్ 34.10 కోట్ల రూపాయలని తేల్చారు. తర్వాత జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిటీ 28.34 కోట్లని చెప్పింది. రెండు లెక్కలకూ తేడా ఉన్నా, తెలంగాణకు చెందవలసిన సొమ్ము తెలంగాణకు చేరలేదన్న విషయంలో తేడా లేదు. అది నమ్మకానికి పడిన గండి. 2014లో రాష్ట్రం రెండయ్యేదాకా ఆ గండి పూడలేదు.

నేను కోస్తావాణ్ణి. అయినా ఈ మాట చెప్పడానికి సంకోచించను. న్యాయం మన ప్రాంతానికి ఒకటి, పక్క ప్రాంతానికి ఒకటి కాదు.

మరి ఈ కథతో మనకేం పని? మిగులు అనగానే ఎంత అని అడుగుతాం. ఎవరిది అని అడగడమే అసలు విషయం. ఒక ఇంటి యజమాని పనివారికి కూలి ఇవ్వకుండా, ఈ నెల ఇంత మిగిల్చానని చెప్పుకుంటే దాన్ని పొదుపు అనగలమా? అది బాకీ. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) బోధ తెలిసినవాళ్లం మనం. బడ్జెట్‌లో మైనారిటీల పేరిట రాసిన సొమ్ము విడుదల కాకుండా మార్చి 31తో మురిగిపోతే, అది కూడా ఎవరో ఒక విద్యార్థి ఉపకార వేతనమే, ఎవరో ఒక చేతివృత్తిదారు రుణమే. బిడ్డకు రావలసిన ఫీజు రాక చెవికమ్మలు తాకట్టు పెట్టిన తల్లులు ఈ సభలోనే ఉండవచ్చు. ఆమె కమ్మలు తాకట్టులో ఉండగా ఖజానాలో మిగిలినదాన్ని మిగులు అనకూడదు.

కాబట్టి మిగులును వాడే క్రమం ఇలా ఉండాలి. మొదట బాకీలు: ఇస్తామని రాసి ఇవ్వనివన్నీ. రెండవది ఆపత్కాల నిధి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైన దృశ్యం మనమెవరమూ మరువలేదు. తుపాను వచ్చాక చేయి చాచే తీరానికి, ముందే దాచిన రూపాయి విలువ తెలుసు. మూడవది ఆస్తులు: బడి, ఆసుపత్రి, కాలువ గట్టు. ఒక్క ఏడాది మిగులును చూసి ఏటేటా ఇవ్వవలసిన వాగ్దానాలు చేయడం ప్రమాదం. మిగులు రాష్ట్రంగా పుట్టిన తెలంగాణే 2019-20 నాటికి రెవెన్యూ లోటులో పడింది.

ఇంకొక మాట. ఒప్పందాలు చాలవు, చట్టం కావాలి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీల ప్రత్యేక అభివృద్ధి నిధికి 2017లో చేసిన చట్టం ఖర్చు కాని సొమ్మును మరుసటి ఏడాదికి మళ్లించే ఏర్పాటు చేసింది. మైనారిటీల పద్దుకూ అదే కట్టుబాటు ఉండాలి. మన పేరిట రాసి ఖర్చు చేయని ప్రతి రూపాయీ మరుసటి ఏడాది మన పద్దులోనే మళ్లీ కనిపించాలి. ఇది దయ కోరడం కాదు, లెక్క అడగడం.

అడగవలసినది మనమే. ప్రతి ఏప్రిల్‌లో ప్రతి మసీదు కమిటీ, ప్రతి మహిళా సంఘం సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టాలి. జిల్లాకు ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత మురిగింది? ఈ మూడు అంకెలు చాలు. పన్నెండేళ్లు ఆగి కమిటీ వేయించుకునే దుస్థితి మనకు రాకూడదు.

యూసుఫ్ (అలైహిస్సలాం) కథ మన పిల్లలకు కూడా తెలుసు. ఏడేళ్లు పండిన ధాన్యాన్ని ఆయన వెన్నులతోనే దాచమన్నారు. కరవు ఏడేళ్లలో ఆ గాదెలే జనాన్ని బతికించాయి. గాదెల బాధ్యత కోరుతూ తనకున్నవని ఆయన చెప్పినవి రెండే: కాపాడగలగడం, తెలిసి ఉండటం. ఖజానా తాళం పట్టుకున్న ఎవరినైనా ఆ రెండింటితోనే కొలుద్దాం. అల్లాహ్ మనకు అడిగే ధైర్యాన్ని, పాలకులకు జవాబు చెప్పే నిజాయితీని ప్రసాదించుగాక. ఆమీన్.